రిమాండ్ అంటే శిక్ష కాదు: కోర్టు మాటలు, మన తండాలు

మూడేళ్ల కిందట, కంది కోతల ముందర, తాండూరు దగ్గరి ఒక తండా నుంచి మాకు వరుసకు కాకా అయ్యే ఒక పెద్దమనిషి బడికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. భూమి తగాదాలో పై అధికారి ఇచ్చిన ఉత్తర్వు అది. ఊళ్లో ఎవరో చూసి, "నీ కేసు రిమాండ్ అయింది" అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి రెండు రాత్రులు ఆయన ఇంట్లో పడుకోలేదు. చేనులోనే ఉన్నాడు. "బేటా, నన్ను లోపలేస్తరా? కంది ఇంకా కొయ్యలేదు" అని అడిగాడు.

మేము కాగితం చదివాం. కింది అధికారి ఆయన మాట వినకుండానే తేల్చేశాడని, మళ్లీ విచారించమని పై అధికారి ఆ కేసును కిందికి తిప్పి పంపాడు. అంటే కాకాకు మేలే జరిగింది. మేలు జరిగిన మనిషి రెండు రాత్రులు పోలీసులకు భయపడి చేనులో దాక్కున్నాడు. ఒక్క మాట తెలియక.

నిజం చెప్పాలంటే కాగితంలో ఆ మాట చూడగానే మేము కూడా ఒక్క క్షణం భయపడ్డాం. డి.ఎడ్. చదివినవాళ్లం, ఇరవై ఏళ్లుగా పిల్లలకు మాటల అర్థాలు చెబుతున్నవాళ్లం. మాకూ రిమాండ్ అంటే జైలే. అందుకే ఈ మాటను, దాని చుట్టూ తిరిగే మరికొన్ని కోర్టు మాటలను ఒక పాఠం చదివినట్టు చదవాలనిపించింది. వాటిని పత్రికలు ఎలా వాడుతున్నాయి, సినిమాలు, కథలు ఎలా చూపిస్తున్నాయి, బడిలో మనం ఎలా వాడుతున్నాం అన్నదే ఇక్కడి విమర్శ.

రిమాండ్ అనే ఇంగ్లీషు మాట లాటిన్ నుంచి వచ్చింది. తిప్పి పంపడం, తిరిగి అప్పగించడం అని దాని మూలార్థం. మన దగ్గర అది మూడు చోట్ల వినిపిస్తుంది. పై కోర్టు గానీ పై అధికారి గానీ కేసును మళ్లీ విచారించమని కిందికి పంపితే అది ఒక రిమాండ్. అందులో ఎవరినీ పట్టుకోవడం, జైలుకు పంపడం ఉండదు. రెండోది, అరెస్టు చేసిన మనిషిని దర్యాప్తు జరిగేంతకాలం ఎవరి అధీనంలో ఉంచాలో మేజిస్ట్రేటు చెప్పడం. మూడోది పాత మాట 'రిమాండ్ హోమ్'. దాని సంగతి చివర చెబుతాం, ఎందుకంటే ఆ తప్పు మనదే.

రెండో అర్థమే మన ఇళ్ల మీద పడేది. అది ఎలా జరుగుతుందో చూద్దాం. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం తీసేసి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. 24 గంటల్లో దర్యాప్తు పూర్తి కాకపోతే ఇంకా కొన్నాళ్లు ఉంచుకోవడానికి పోలీసులు కోర్టును అడగాలి. ఇంతకుముందు ఇది నేర విచారణ స్మృతి 167వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 187వ సెక్షన్. పోలీసులు అడుగుతారు, మేజిస్ట్రేటు ఆలోచించి ఇస్తాడు, లేదా ఇవ్వడు. ఇవ్వకుండా వదిలేసే అధికారం కూడా ఆయనకు ఉంది. అంటే రిమాండ్ అనేది ఒక ప్రశ్నకు జవాబు. ఈ మనిషిని లోపల ఉంచాల్సిన అవసరం ఉందా అన్నదే ఆ ప్రశ్న. ఈ మనిషి తప్పు చేశాడా అన్న ప్రశ్న అక్కడ ఇంకా మొదలే కాదు.

లోపల ఉంచడంలో కూడా రెండు రకాలున్నాయి. పోలీసు కస్టడీ అంటే ప్రశ్నించడానికి పోలీసుల చేతికి ఇవ్వడం. అది మొత్తం కలిపి 15 రోజులకు మించకూడదు. జ్యుడీషియల్ కస్టడీ అంటే కోర్టు అధీనంలో జైల్లో ఉండటం. అక్కడ కోర్టు అనుమతి లేకుండా పోలీసులు వచ్చి ప్రశ్నించడానికి వీల్లేదు. ఈ కస్టడీని కోర్టు ఒక్కో దఫా 15 రోజులకు మించకుండా పొడిగిస్తూ పోతుంది. మరణశిక్ష, యావజ్జీవం, లేదా పదేళ్లు, అంతకుమించి శిక్ష పడే కేసుల్లో 90 రోజులు, మిగతా కేసుల్లో 60 రోజులు. ఆ గడువులోపు పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిలు పొందడం నిందితుడి హక్కు. అయితే చార్జిషీటు పడకముందే ఆ బెయిలు అడగాలి. అడగనివాడికి హక్కు ఉన్నా లేనట్టే.

ఇప్పుడు మన పత్రికల భాష చూడండి. 'నిందితులను రిమాండ్‌కు తరలించారు' అని రోజూ చదువుతాం. రిమాండ్ ఒక ఊరైనట్టు, అక్కడికి బస్సు ఉన్నట్టు. తరలించింది జైలుకు. రిమాండ్ అనేది దానికి కోర్టు ఇచ్చిన ఉత్తర్వు. ఈ వాక్యంలో మేజిస్ట్రేటు ఎక్కడా కనిపించడు. పోలీసులు పట్టుకున్నారు, పోలీసులే పంపారు అన్నట్టు ఉంటుంది. మధ్యలో ఒక కోర్టు హాలు ఉందని, అక్కడ ఒక ప్రశ్న ఉందని, ఆ ప్రశ్నకు మన మనిషి కూడా ఏదైనా చెప్పుకోవచ్చని చదివేవాడికి తెలియదు. ఇక 'కటకటాల పాలయ్యాడు', 'ఊచలు లెక్కపెడుతున్నాడు' అని రాస్తే తీర్పు అయిపోయినట్టే. నిందితుడు అంటే నింద మోయబడినవాడు. దోషి అంటే విచారణలో నేరం రుజువైనవాడు. తెలుగు ఈ రెండు మాటలను చక్కగా విడదీసి పెట్టింది. రాసేవాళ్లే రెండింటినీ కలిపేస్తున్నారు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో పొర ఉంది. వికారాబాద్, తాండూరు, పరిగి నిజాం రాజ్యంలోవి. కోర్టు భాష ఉర్దూ. ఇప్పటికీ మన పెద్దలకు వకీలు, పేషీ, జమానతు, పంచనామా అంటేనే అర్థమవుతుంది. ముద్దాయి అనే మాటను తీసుకోండి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, న్యాయం అడిగేవాడు. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట నేరం మోపబడినవాడికి అంటుకుంది. న్యాయం అడిగినవాడే నేరగాడిగా మారడం మాటలో జరిగింది. మన తండాల్లో అది బతుకులో కూడా జరుగుతుందని లగచర్ల చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

లగచర్ల మన వికారాబాద్ జిల్లాలోనే, దుద్యాల మండలంలో ఉంది. ఫార్మా విలేజ్ కోసం భూసేకరణ తలపెట్టారు. లగచర్లతో పాటు రోటిబండ తండా వంటి తండాల రైతుల భూములు అందులో ఉన్నాయి. 2024 నవంబర్ 11న ప్రజాభిప్రాయ సేకరణ రోజున కలెక్టరు, అధికారులు ఊళ్లోకి వెళ్లినప్పుడు దాడి జరిగింది. అధికారుల మీద చెయ్యి చేసుకోవడాన్ని మేము సమర్థించడం లేదు. ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. మేము చూస్తున్నది ఆ తర్వాత జరిగినదాన్ని. పదుల సంఖ్యలో మనుషులను పట్టుకెళ్లారు. వాళ్లలో చాలామంది లంబాడా రైతులు. కొడంగల్ కోర్టు, పరిగి సబ్‌జైలు, ఆ తర్వాత సంగారెడ్డి జైలు. తండా ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి మానవ హక్కుల కమిషన్‌కు, ఎస్టీ కమిషన్‌కు తమ గోడు చెప్పుకున్నారు. నవంబర్ నెలాఖరులో ప్రభుత్వం ఫార్మా విలేజ్ భూసేకరణ ప్రకటనను వెనక్కి తీసుకుంది. మనుషులు మాత్రం ఇంకా లోపలే ఉన్నారు. డిసెంబర్ 18న నాంపల్లి ప్రత్యేక కోర్టు బెయిలు ఇచ్చాక బయటికి వచ్చారు. నెలకు పైగా జైల్లో ఉన్నవాళ్లలో ఒక్కరి మీద కూడా అప్పటికి నేరం రుజువు కాలేదు. విచారణే మొదలు కాలేదు.

ఈ మధ్యలో, డిసెంబర్ 12న, సంగారెడ్డి జైలు నుంచి గుండె నొప్పితో ఆసుపత్రికి తెచ్చిన ఒక గిరిజన రైతు చేతికి బేడీలు ఉన్నాయి. ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. ముఖ్యమంత్రి కూడా తప్పుపట్టి విచారణకు ఆదేశించారు. బేడీలు మామూలు విషయం కాదని సుప్రీంకోర్టు 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులోనే చెప్పింది. జైలు నుంచి బయటికి తెచ్చేటప్పుడు కోర్టు అనుమతి లేకుండా బేడీలు వేయరాదని 1995లో మళ్లీ చెప్పింది. కొత్త చట్టం కొన్ని తీవ్రమైన నేరాలకు, పదేపదే నేరాలు చేసేవాళ్లకు, పారిపోయిన చరిత్ర ఉన్నవాళ్లకు మాత్రమే బేడీలను అనుమతించింది. అయినా ఆ చేతికి బేడీ పడింది. ఎందుకు? రిమాండ్ ఖైదీ అంటే ఇంకా ఏ నేరమూ రుజువు కాని మనిషి అన్న సంగతి జైలు వాళ్ల మనసులో కూడా చెరిగిపోయింది కాబట్టి. పత్రికలో పడే మాట తప్పే కదా, చిన్నదే కదా అనుకుంటాం. ఆ తప్పే మనుషుల తలల్లోకి ఎక్కి, చివరకు ఆసుపత్రి మంచం దగ్గర ఇనుపగొలుసు అవుతుంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. అందుకే 'జైల్లో ఉన్నాడు కాబట్టి నేరస్తుడు' అని ఎవరైనా అంటే, లెక్క ప్రకారమే ఆ మాట తప్పు.

ఇక బెయిలు. తండాలో బెయిలు అంటే కొనుక్కునేది అనుకుంటాం. ఇందులో మన తప్పు కూడా లేదు. కోర్టు బెయిలు ఇచ్చినా జమానతుదారులు దొరకాలి. పాస్‌బుక్ ఉన్నవాడు, కోర్టు మెట్లు ఎక్కడానికి భయపడనివాడు కావాలి. పోడు చేసుకునేవాడికి పాస్‌బుక్ ఎక్కడిది? తాండూరు వాళ్లకు ఇంకో చిక్కు. మన చుట్టాలు సగం మంది సరిహద్దుకు ఆవల సేడం, చించోళి వైపు ఉంటారు. పక్క రాష్ట్రం వాడి జమానతు చెల్లదంటారేమోనని అడగడమే మానేస్తాం. మోతీరామ్ అనే మేస్త్రీ కేసు ఇక్కడ తెలుసుకోవాలి. కింది కోర్టు ఆయనను పదివేల రూపాయల జమానతు అడిగింది. ఆయన సోదరుడు జమానతు ఇస్తానంటే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. 1978లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుపట్టి, ఆ మేస్త్రీని వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదలమంది. పేదవాడి బెయిలుకు డబ్బు అడ్డుగోడ కాకూడదన్నది ఆ తీర్పు సారం. యాభై ఏళ్లు కావస్తున్నా ఆ మేస్త్రీ పేరు మన తండాల్లో ఎవరికీ తెలియదు. చెప్పేవాళ్లు లేరు.

చెప్పాల్సినవాళ్లలో మొదట రచయితలు ఉన్నారు. రావిశాస్త్రి స్వయంగా వకీలు. 'ఆరు సారా కథలు'లో పోలీసులు, వకీళ్లు, సాక్షులు ఎలా మాట్లాడతారో, పేదవాడు ఆ మాటల మధ్య ఎలా నలిగిపోతాడో చూపించాడు. కోర్టు భాషను విని రాసిన రచయిత ఆయన. కానీ అది విశాఖపట్నం బస్తీల లోకం. తండా మనిషి కోర్టులో నిలబడినప్పుడు ఇంకో బరువు ఉంటుంది. ఆయన ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి, పోలీసు రాసేది తెలుగు, సెక్షన్ల పేర్లు ఇంగ్లీషు, హిందీ, ముసలాయనకు గుర్తున్నది ఉర్దూ. "పోలీసులు కొట్టారా?" అని మేజిస్ట్రేటు అడుగుతాడు. పక్కనే కొట్టినవాడు నిలబడి ఉంటాడు. మన మనిషి తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఒక్క నిమిషాన్ని మన రచయితలు ఎవరైనా రాస్తే మేము పిల్లలతో కూర్చుని చదివిస్తాం.

2021లో వచ్చిన 'జై భీమ్' సినిమాను తండాల్లో సెల్‌ఫోన్లలో చూశారు. ఏడ్చారు. జైలు నుంచి విడుదలై బయటికి వస్తున్నవాళ్లను గేటు దగ్గరే కులం అడిగి, కొందరిని పక్కకు నిలబెట్టి మళ్లీ పాత కేసుల్లో పట్టుకెళ్లే మొదటి దృశ్యం ఒక్కటి చాలు ఆ సినిమా గొప్పదని చెప్పడానికి. ఆ సినిమా వల్ల మన పిల్లలకు హెబియస్ కార్పస్ అనే మాట తెలిసింది. మంచిదే. కానీ సినిమా చూసినవాడికి మిగిలేది ఒక నమ్మకం: ఎక్కడినుంచో ఒక గొప్ప వకీలు వస్తాడు, హైకోర్టులో వాదిస్తాడు, గెలిపిస్తాడు. మన బతుకుల్లో ఎక్కువ అన్యాయం అంత ఎత్తున జరగదు. పరిగిలోనో, కొడంగల్‌లోనో, తాండూరులోనో, సాయంత్రం కోర్టు మూసే ముందు, పది నిమిషాల్లో, ఎవరూ ఏమీ అడగకుండా జరిగిపోతుంది. ఆ పది నిమిషాలకు కావలసింది హీరో కాదు. ఉచిత వకీలును అడగవచ్చని తెలిసిన ఒక మామూలు మనిషి చాలు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడే ఆ హక్కు మొదలవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. ఈ సంగతి ఏ సినిమా పాటలోనూ రాలేదు.

రమేశ్ కార్తీక్ నాయక్ 'ధావ్లో'కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తండా మాట తెలుగు కథలో తలెత్తుకుని నిలబడగలదని రుజువైంది. ఇప్పుడు ఎదురుదారిలో కూడా ఒక పని ఉంది. కోర్టు మాటను తండా భాషలోకి తేవాలి. మన నాయక్, కారోబారి కూర్చుని తగువు తీర్చేటప్పుడు రెండు వైపులా మాట్లాడనిచ్చే పద్ధతి మనకు కొత్త కాదు. రిమాండ్ అంటే "ఇంకా రెండో మాట వినలేదు, అందాకా ఆపి ఉంచారు" అని చెబితే మా కాకాకు అర్థమవుతుంది. బెయిలు అంటే "పిలిచినప్పుడు వస్తానని మాట ఇచ్చి ఇంటికి పోవడం" అంటే అర్థమవుతుంది. ఇవి నిఘంటువులో పెట్టే అర్థాలు కావు. కానీ మనిషిని చేనులోంచి ఇంటికి తెచ్చే అర్థాలు.

ఇక మన తప్పు. మా బడిలో ఒక పిల్లవాడు నాలుగు రోజులు రాలేదు. ఎందుకు రాలేదురా అని అడిగితే పక్క పిల్లలు "వాళ్ల బాపు దొంగ సార్, రిమాండ్ అయిండు" అన్నారు. మేము సరిదిద్దలేదు. పాఠం మొదలుపెట్టాం. ఇంకో రోజు అల్లరి చేసే ఇద్దరిని చూసి మాలో ఒకరు "రిమాండ్ హోముకు పంపిస్తా" అని బెదిరించారు. మేము నవ్వాం. ఆ హోముకు ఇప్పుడు చట్టంలో పేరు పరిశీలక గృహం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లవాడిని పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. పిల్లల విషయంలో నింద మోపే, ముద్ర వేసే మాటలు వాడకూడదని కూడా ఆ చట్టమే ఒక సూత్రంగా రాసింది. మాట కూడా దెబ్బ తీస్తుందని చట్టానికి తెలిసింది. చదువు చెప్పే మనకు తెలియలేదు.

మన వాళ్లకు ఈ ముద్ర కొత్తది కాదు. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్త జాతుల చట్టం పుట్టుకతోనే మనిషిని నేరగాణ్ని చేసింది. ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టి హాజరు పట్టీ వేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ ఆ చూపు పోలేదు. జైలు నియమాల పుస్తకాల్లో కులాన్ని బట్టి పని, విముక్త జాతుల మీద అలవాటు నేరస్తుల ముద్ర ఇంకా ఉన్నాయని 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టేయాల్సి వచ్చింది. డెబ్బై ఏళ్ల తర్వాత. అటువంటి చరిత్ర ఉన్న పిల్లల ముందు 'దొంగ', 'రిమాండ్' అనే మాటలను సరిదిద్దకుండా వదిలేయడం చిన్న తప్పు కాదు.

ఆ తర్వాత మేము ఒక పని మొదలుపెట్టాం. వారానికి ఒకరోజు తెలుగు పీరియడ్‌లో దినపత్రిక నుంచి ఒక నేర వార్త తెస్తాం. పిల్లలు అందులో మూడు మాటలు వెతుకుతారు. ఎవరు ఆరోపించారు? ఎవరు నిర్ణయించారు? నేరం రుజువైందా? చాలా వార్తల్లో మొదటి ప్రశ్నకే జవాబు దొరుకుతుంది. మిగతా రెండింటికి దొరకదు. అప్పుడు పిల్లలే ఆ వార్తను తిరిగి రాస్తారు. 'నిందితుడిని కోర్టులో హాజరుపరిచారు. జైలులో ఉంచాలని కోర్టు ఆదేశించింది. నేరం ఇంకా రుజువు కాలేదు.' ఇంతే. పత్రికల వాళ్లు కూడా ఇలా రాయొచ్చు, ఎక్కువ జాగా పట్టదు.

బడికి రాని ఆ పిల్లవాడు పది రోజుల తర్వాత తిరిగి వచ్చాడు. వాళ్ల నాన్న బెయిలు మీద వచ్చాడు. ఆ వారం వార్తను నల్లబల్ల మీద తిరిగి రాసింది వాడే. చివరి వాక్యం మిగతా వాటికంటే పెద్ద అక్షరాలతో రాశాడు. మేము చెరపలేదు. మరుసటి రోజు లెక్కల మాస్టారు వచ్చి బల్ల కావాలన్నదాకా అలాగే ఉంచాం.